బ్రేకు లోపమున్న బండ్లను కంపెనీలు వెనుకకు పిలుచుట



ఎడ్లబండి ఇరుసు విరిగినయెడల మన ఊరి వడ్రంగి దానిని చూచి బాగుచేయును. మోటారు బండి సంగతి వేరు. ఒకే తీరున వేల బండ్లు తయారగును గనుక, ఒక భాగములో లోపము ప్రవేశించినచో ఆ వరుసలోని బండ్లన్నిటిలోను అది ఉండవచ్చును. అట్టి లోపము బయటపడినప్పుడు కంపెనీ ఆ బండ్లను పిలిపించి, తన ఖర్చుతో సరిచేయవలసియున్నది. దీనినే రీకాల్ అందురు.

ఇది ఎక్కడో జరుగు విషయము కాదు. 2019లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ బ్రేకు కాలిపర్ బోల్టుల బిగింపు సరిగా లేదని సుమారు 7,000 బుల్లెట్ మోటారు సైకిళ్లను వెనుకకు పిలిచినది. అదే సంవత్సరము హోండా కంపెనీ ముందు డిస్కు బ్రేకు మాస్టరు సిలిండరు విషయమై 50,034 స్కూటర్లను, మోటారు సైకిళ్లను పిలిచినది. 2022 అక్టోబరులో మారుతి సుజుకి 9,925 కార్లను పిలిచినది. వెనుక బ్రేకులోని ఒక పిన్ను విరుగు అవకాశమున్నదని కారణము. ఆ కార్లన్నియు 2022 ఆగస్టు 3 మొదలు సెప్టెంబరు 1 వరకు, అనగా ఒక్క నెలలో తయారైనవి. కాబట్టి ఒకే మోడలు బండ్లలో మీ పొరుగువారి దానికి లోపముండి మీ దానికి లేకపోవచ్చును. బండి చూచి చెప్పుట సాధ్యము కాదు. చాసిస్ నంబరే తేల్చవలెను.

ఈ నంబరు ఆర్‌సీ మీదను, బండి ఫ్రేము మీదను ఉండును. అక్షరములు, అంకెలు కలిసి 17. ఇందులో ఐ, ఓ, క్యూ అను ఇంగ్లీషు అక్షరములు వాడరు గనుక గుండ్రముగా కనబడునది సున్నయే. దానిని కాగితము మీద వ్రాసికొని షోరూములో చూపుడు, లేదా కంపెనీ వెబ్‌సైటులో పిల్లలచేత చూపించుడు.

మన పల్లెలలో చిక్కు మరియొకటి కలదు. చాల బండ్లు చేతులు మారినవే. పేరు మార్పించుకొననందున కంపెనీ పంపు ఉత్తరము, ఫోను సందేశము పాత యజమానికే చేరును. ఆయన దానిని చించి పారవేయును. కొన్న రైతు మాత్రము అదే బండి మీద పాలక్యాన్లు కట్టుకొని ఘాటు దిగుచుండును. పాత బండి కొన్నవారు పేరు మార్పుతోపాటు షోరూములో తమ ఫోను నంబరు కూడ వ్రాయించుకొనవలెను. రీకాల్ అనగానే బండి ధర పడిపోవునని దాచువారు కొందరున్నారు. సరిచేయించి రసీదు దగ్గరనుంచుకొన్న బండికే ధర ఎక్కువ రావలెనని నా అభిప్రాయము.

2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 110-ఎ సెక్షను చేర్చిరి. లోపమున్న బండ్లను వెనుకకు పిలువుమని కంపెనీని ఆదేశించు అధికారము దానివలన కేంద్ర ప్రభుత్వమునకు వచ్చినది. 2021 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము ఏడేండ్లలోపు బండ్లకు ఇది వర్తించును. జరిమానా 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు ఉండవచ్చును.

షోరూమునకు పోయినప్పుడు జాబ్ కార్డులో రీకాల్ పని అని వ్రాయించుడు. ఆ పనికి పైకము ఈయనక్కరలేదు. ఆయిలు మార్పు వంటివి వేరుగా చేయించినచో వాటికి వేరు బిల్లు అడుగుడు. భాగము రాలేదనినచో ఎప్పుడు వచ్చునో వ్రాతపూర్వకముగా తీసికొనుడు. అంతవరకు ఆ బండి మీద ఆలుబిడ్డలను ఎక్కించకుడు, బరువు వేయకుడు. పైకమడిగినచో 1915 నంబరుకు, అనగా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు ఫోను చేయవచ్చును.

అయితే ప్రతి బ్రేకు చెడుగు కంపెనీ తప్పు కాదు. లైనింగులు అరుగుట వాడకమువలన వచ్చునది. బ్రేకు ఆయిలుకు బదులు ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు ముక్కలు ఉబ్బి చెడును. అది పోసినవారి పని. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రములకు వేరు వేరు బ్రేకు పెడళ్లుండును. పొలములో మలుపు తిప్పుటకు అది సౌకర్యము. రోడ్డెక్కునప్పుడు రెంటిని కలుపు కొక్కెము వేయనిచో ఒక చక్రమే ఆగి, ట్రాలీతో సహా బండి పక్కకు తిరుగును. ఆ కొక్కెము విరిగి ఊడిపోయిన ట్రాక్టర్లు ధాన్యపు లోడుతో మార్కెట్టు యార్డులకు వచ్చుచునేయున్నవి. ఈ కోతల కాలమునకు ముందే దానిని వేయించుకొనుడు.