చంద్రమండలపు సర్వే

(కొత్తగూడెమున నొక గ్రంథాలయమందు ఆగష్టు 23వ తేదీ సాయంకాలము చేసిన యుపన్యాసము)



శాస్త్రజ్ఞుడు చెప్పవలసిన విషయమును న్యాయవాది చెప్పబూనుట సాహసమని మీలో కొందరు తలంపవచ్చును. గ్రంథాలయమువారు నన్నీ పనికి నియోగించినప్పుడు నేనును అట్లే మనవిచేసికొంటిని. వారు వినలేదు. "మీరు నిత్యము కచ్చేరిలో పటములతోడను హద్దులతోడను పెనగులాడువారు గదా! చంద్రునికి పటము వ్రాసిన కథ మీరు చెప్పిననే మాకు బోధపడును" అని బలవంతపెట్టిరి. అందు కొంత న్యాయమున్నదని తోచి యొప్పుకొంటిని. కావున నా వలన జ్యోతిశ్శాస్త్ర పాండిత్యము నాశింపవలదు. మన దేశము చంద్రుని నెట్లు కొలిచెను? ఆ కొలతవలన నెవరి కేమి లభించును? అడవి సరిహద్దున నున్న మనకు దానితో నేమి పని? ఈ మూడు ప్రశ్నలకు నాకు దోచిన సమాధానములను విన్నవింతును.

మన తెలుగునేల తూర్పు తీరమున, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ, శ్రీహరికోట యను దీవి కలదు. 2008 అక్టోబరు 22వ తేదీ ప్రాతఃకాలమున 6 గంటల 22 నిమిషములకు ఆ దీవినుండి చంద్రయానము-1 అను నౌక బయలుదేరెను. అందు మనుష్యుడు లేడు. ఉన్నవి 11 పరికరములు. వానిలో 5 మనవి, 6 విదేశములవి. బయలుదేరునప్పటి మొత్తము బరువు 1380 కిలోగ్రాములు. అది బాణమువలె సూటిగా చంద్రుని మీదికి పోలేదు. భూమిచుట్టు దిరుగుచు, ఉయ్యాలను ఊపుకొలది ఎత్తునకు బోవునట్లు, చుట్టుచుట్టుకు తన దారిని పెంచుకొనుచు, నవంబరు 8న చంద్రుని యాకర్షణకు లోబడి వాని చుట్టు దిరుగనారంభించెను. నాలుగు దినములలో 100 కిలోమీటర్ల యెత్తునకు దిగి స్థిరపడెను. నవంబరు 14న తనలోనుండి మువ్వన్నెలు పూసిన చిన్న పెట్టెనొకదానిని క్రిందికి విడిచెను. అది సుమారు 25 నిమిషములు దిగుచు దారిలోని సంగతులను తెలియజేసి, దక్షిణధ్రువప్రాంతమున షాకెల్టను అను గోతికి చేరువ నేలను తాకెను.

ఇక సర్వే జరిగిన విధము వినుడు. మన గ్రామములలో సర్వే యనగా గొలుసు, జెండా, హద్దురాయి. అమీను నడచును, నేల కదలదు. అక్కడ నౌకయు నడచును, నేలయు దిరుగును. నౌక ఉత్తరధ్రువమునుండి దక్షిణధ్రువమునకును, మరల నుత్తరమునకును, సుమారు రెండు గంటల కొక చుట్టు చుట్టును. ఆ లోపల చంద్రుడు తనచుట్టు తాను కొంచెము దిరుగును. మధ్యరేఖయొద్ద ఆ జరుగుబాటు సుమారు 33 కిలోమీటర్లు. కావున ప్రతిచుట్టునకు క్రొత్తనేల కెమేరా క్రిందికి వచ్చును. చంద్రుడొక పర్యాయము పూర్తిగా తిరుగుటకు 27 దినములకు మించి పట్టును. చీరకు అంచువెంబడి అంచు నేసినట్లు పట్టీ ప్రక్కను పట్టీ చేర్చి పటము కూర్పవలెను. మన కెమేరా పట్టీ వెడల్పు 20 కిలోమీటర్లే యగుటచే ఒక్క తిరుగుటలో సందులు మిగులును. వానిని మరుసటి మాసములలో పూరింపవలసియుండును.

ఆ కెమేరా 5 మీటర్ల వస్తువును వేరుగా గుర్తింపగలదు. అంతకంటె విశేషమేమన, అది యొకేచోటును మూడు చూపులతో జూచును: ముందునకు వాలిన చూపు, నిట్టనిలువు చూపు, వెనుకకు వాలిన చూపు. మనకు రెండు కన్నులుండుటచేత లోతు తెలియునట్లు ఆ మూడు చూపులను పోల్చి కొండ యెత్తును గోతిలోతును లెక్కింతురు. చంద్రుని చిత్రించుట మనతో మొదలైన పని కాదు. 1959లో రష్యావారి లూనా-3 మనకు కానరాని ఆవలివైపును మొదట చిత్రించెను. 1966, 1967 సంవత్సరములలో అమెరికావారి అయిదు నౌకలు చంద్రుని దాదాపంతయు చిత్రించెను. మనము ఆలస్యముగా వచ్చినవారమే. గాని ఆలస్యముగా వచ్చినవాడు వట్టి చేతులతో పోలేదు.

చంద్రుడు ఎండిన ఎముకవంటివాడని లోకము చిరకాలము నమ్మియుండెను. 1969 మొదలు మనుష్యులు తెచ్చిన రాళ్లలో తడిజాడ కనబడినను, అది భూమిమీద నంటినదేమో యని త్రోసివేసిరి. చంద్రయానముపై నున్న అమెరికావారి ఖనిజపరీక్షాయంత్రము చంద్రునినుండి ప్రతిఫలించు వెలుగును విడదీసి చూడగా, నీటికిని నీటికి సోదరమైన హైడ్రాక్సిలునకును గుర్తయిన లోపము ఆ వెలుగులో కానవచ్చెను. ఆ సంగతి 2009 సెప్టెంబరులో లోకమునకు వెల్లడియయ్యెను. యంత్రము వారిది, వాహనము మనది. ఈ కీర్తి యంతయు మనదే యని చాటుట సత్యము కాదు. మనది కాదనుటయు సత్యము కాదు. స్వదేశాభిమానము సత్యమును దాటి పోనక్కరలేదు.

ఇచ్చట న్యాయవాదియైన నన్ను మిక్కిలి యాకర్షించిన సంగతి యొకటి కలదు. ఆ శాస్త్రజ్ఞులు ఒక్క యంత్రపు సాక్ష్యమును నమ్మి తీర్పు చెప్పలేదు. 1999లో శనిగ్రహమునకు బోవుచు దారిలో చంద్రుని జూచిన కసీని యను నౌక లెక్కలను బయటికి దీసిరి. మరియొక నౌక 2009 జూనులో చంద్రుని ప్రక్కగా బోవుచు జూచిన దానినిగూడ సరిపోల్చిరి. మూడు సాక్ష్యములు ఏకమైన పిదపనే నోరు విప్పిరి. ఈ మాటను మనసున నుంచుకొనుడు. మరల దీనియొద్దకు వత్తును.

చంద్రయానము-1 రెండేండ్లు బ్రతుకవలసినది. నక్షత్రములను జూచి దిక్కు తెలిసికొను కన్ను చెడిపోయెను. అయినను మనవారు తిరుగుడుయంత్రముల సాయమున దానిని నడిపించిరి. 2009 మేలో ఎత్తును 200 కిలోమీటర్లకు పెంచిరి. 2009 ఆగష్టు 29న మాట ఆగిపోయెను. అప్పటికి 312 దినములు గడచెను, 3400 చుట్లకు పైగా తిరిగెను, 70,000కు పైగా చిత్రములు పంపెను. 2016లో అమెరికావారు భూమినుండి రాడారు కిరణములను పంపి వెదుకగా, మూగయై యింకను చంద్రుని చుట్టు దిరుగుచునే కానవచ్చెను.

2019 జూలై 22న చంద్రయానము-2 బయలుదేరెను. సెప్టెంబరు 7వ తేదీ తెల్లవారకముందు దాని దిగుడునౌక నేలకు 2 కిలోమీటర్ల యెత్తున దారి తప్పి కూలిపోయెను. ఆ రాత్రి మేలుకొనియున్న మన యిండ్లలో నెంత నిట్టూర్పు! గాని పైన తిరుగుచున్న నౌక చెడలేదు. పావుమీటరు వస్తువును గుర్తింపగల కెమేరా దానియందు కలదు. ఆ కంటితో రాళ్లను గోతులను ఎంచి యిచ్చిన పటములు 2023 ఆగష్టు 23న చంద్రయానము-3 సురక్షితముగా దిగుటకు తోడ్పడెను. కూలినదానిని గూర్చి లోకమంతయు మాటాడెను. పటము వ్రాయుచున్నదానిని తలచినవారు తక్కువ. ప్రజాసేవలోగూడ నింతే కాదా?

"బీదదేశమున కిది యేల?" యను ప్రశ్న న్యాయమైనదే. దానిని దేశద్రోహమనుట తగదు. చంద్రయానము-1కు 386 కోట్ల రూపాయలు వ్యయమైనది. జనసంఖ్యకు పంచిన తలకు నాలుగు రూపాయలు గాదు. ఇంతకు మించిన ధనము ఏ ప్రయోజనము లేకయే కరగిపోవుట మనము చూచుచునే యున్నాము. అయినను లెక్క చిన్నదగుట సమాధానము కాదు. అసలు సమాధానమును మన యూరి చరిత్రయే చెప్పగలదు.

1871లో భూగర్భశాస్త్రశాఖకు చెందిన కింగుదొర ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. నేటికిని గనికార్మికులు "కింగు సీము" అని యతని పేరు తలచుచునే యున్నారు. 1886లో ఇంగ్లండున నేర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ తవ్వకపు హక్కులను పొందెను. 1920లో సింగరేణి కంపెనీ యను పేరు వచ్చెను. 1945లో నిజాము ప్రభుత్వము దాని వాటాలలో అధికభాగమును కొనెను. క్రమము గమనింపుడు: మొదట పటము, పిదప హక్కు, పిదప తవ్వకము, పిదప పట్టణము. ఈ నేలమీద తరతరములుగా నివసించిన కోయలకు ఆ పటమును చదువుట రాదు. వారి నెవరును అడుగలేదు. పటము చదువనేర్చినవాడు వచ్చి కూర్చుండునప్పటికి చదువనేరనివాడు ప్రక్కకు తొలగవలసివచ్చినది.

చంద్రునియందును అట్లే కానున్నదా? 1967 నాటి అంతరిక్షసంధి ప్రకారము ఏ రాజ్యమును చంద్రుని తనదని చెప్పుకొనరాదు. మన దేశమును దానికి కట్టుబడినది. గాని 2015లో అమెరికా చేసికొన్న చట్టము తన పౌరులు అక్కడ తవ్వి తీసినది వారిదే యనుచున్నది. 2023 జూన్ 21న మన దేశము చేవ్రాలు చేసిన ఆర్టెమిసు ఒడంబడికయు, తవ్వుకొనుట స్వాధీనము చేసికొనుట కానేరదని చెప్పుచున్నది. నేల నీది కాదు, తవ్విన మట్టి మాత్రము నీదే యను వాదము బొగ్గుపట్టణమున నున్న మనకు క్రొత్త గాదు. అట్టి విచారణ జరుగునాడు సొంతపటము లేని దేశము పరుల పటమును చేతబట్టుకొని నిలువవలసివచ్చును. స్వంత పటముండుట గర్వమునకు గాదు, సభలో నోరుండుటకు. మన నౌకలు పంపిన చిత్రములను అంతరిక్షసంస్థవారు దాచుకొనక, కోరినవారెల్ల చూచుటకు వీలుగా నుంచియున్నారు. ఇది మేలైన ధర్మము.

ఇక చంద్రుని విడిచి నేలకు దిగుదును. ఏలయన, పైనుండి చూచు విద్య చంద్రునికే పరిమితము గాదు. మన పోడుభూములను గూడ నట్లే చూచుచున్నారు. కొంతకాలము క్రిందట కోయవృద్ధు డొకడు నాయొద్దకు వచ్చెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద నతడు తన పోడునకై దరఖాస్తు పెట్టుకొనెను. ఆకాశమునుండి తీసిన చిత్రమున ఆ చోటు అడవిగా కానవచ్చుచున్నదని యొక కార్యాలయమువారు త్రోసివేసిరి. నేను పోయి చూచితిని. చేనులో ఇప్పచెట్లు నిలిచియున్నవి. కోయలు ఇప్పచెట్టును నరుకరు, దానిక్రిందనే దున్నుదురు. పైనుండి చూచిన కంటికి ఆ పచ్చదనము మాత్రమే కనబడినది, క్రింది చాళ్లు కనబడలేదు. ఆ వృద్ధుడు చిత్రమును చేతబట్టుకొని చాలసేపు చూచి, "వకీలు సారూ, చందమామ మీద రాయి కనబడ్డదంటరు. నా చేను కనబడకపాయెనా?" అని యడిగెను. నేను నోరెత్తలేకపోతిని.

ఆ రాత్రి చట్టపు నియమములను మరల చదివితిని. 2012లో సవరించిన నియమములు స్పష్టముగా చెప్పుచున్నవి: ఆకాశచిత్రము ఇతర సాక్ష్యమునకు తోడు కావచ్చునే గాని దానికి బదులు కానేరదు. గ్రామసభ మాటయు, పెద్దల వాఙ్మూలమును, పాతబావియు, సమాధియు గూడ సాక్ష్యములే. ఈ యాధారముతో దరఖాస్తు మరల విచారణకు వచ్చినది, తీర్పింకను రాలేదు. చంద్రునిమీది తడిని నిర్ణయించుటకు శాస్త్రజ్ఞులు మూడు సాక్ష్యములు కోరిరి. మనుష్యుని అన్నపుముద్దను నిర్ణయించుటకు ఒక్క చిత్రము చాలునా? శాస్త్రమందు లోపము లేదు. శాస్త్రమును సగము చదివి సంతకము చేయుటయందే లోపము.

శ్రీహరికోటకథయందును ఈ పాఠమే కలదు. 1971లో అక్కడ మొదటి రాకెట్టు ఎగురుటకు ముందు ఆ దీవియడవిలో యానాదులు కాపురముండిరి. వారు చోటు విడువగా ఆ కేంద్రము వెలసినది. విజయోత్సవమునాడు ఆ పేరును గూడ దలచుట కృతజ్ఞత. తలచినంతమాత్రమున గౌరవము తగ్గదు.

కడపట నొక మనవి. నేటి సభకు చప్పట్లతో ముగింపు వద్దు. ఈ గ్రంథాలయమువారు చంద్రయానచిత్రములను తెప్పించి గోడకు వ్రేలాడదీయుదురు గాక. వాని ప్రక్కనే మన మండలముల సర్వేపటములను, అటవీపటములను వ్రేలాడదీయుదురు గాక. పటము చదువనేర్చిన యువకులు నలుగురు ముందునకు వచ్చినచో, ప్రతి యాదివారమును నేను వారితో గూడ గ్రామసభలకు వచ్చి, చేను గట్టుమీద నిలిచి, దరఖాస్తు వ్రాయించుటకు సిద్ధముగా నున్నాను. ఫీజు ప్రసక్తి లేదు.

సభ ముగిసినవెంటనే బయటికి బోయి ఆకాశము చూడుడు. చంద్రుడున్న చోట మన చేతులు చేసిన మూగనౌక యొకటి యున్నది. అంత దూరమును కొలిచినవారము, అయిదు క్రోసుల దూరమున నున్న పోడుచేనును సరిగా కొలువలేమా? ఆ ప్రశ్నతోడనే మీరు ఇండ్లకు పోవలెనని నా కోరిక.

వందేమాతరం.