గాంధీగ్రామం నేర్పిన పాఠం



"మన పల్లెకు కళాశాల ఎవరిస్తారు?" అని సరిహద్దు జిల్లాల తల్లిదండ్రులు నన్ను తరచు అడుగుతుంటారు. దానికి జవాబుగా నేను దిండిగల్ చెంతనున్న గాంధీగ్రామాన్ని చూపుతాను. 1947లో డాక్టర్ సౌందరం, జి. రామచంద్రన్ దంపతులు దానిని నెలకొల్పారు. పొరుగున ఉన్న చిన్నాళపట్టి ప్రజలు భూమినిచ్చారు. గ్రామీణ ఉన్నత విద్యకు కేంద్రం పూనుకొనగా, 1956లో అక్కడ గ్రామీణ విద్యాసంస్థ వెలసింది. 1976లో దానికి విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించింది. విద్యార్థి పల్లెకు వెళ్ళి పనిచేయడం అక్కడి చదువులో భాగం.

అదే జిల్లాలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో చాలామందికి తెలుగు మాటగా మిగిలింది, రాతగా మిగలలేదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడిలో తెలుగుకు చోటు మరింత కుంచించుకుపోయింది. తమిళంపై మనకు ద్వేషం లేదు. అది మనకు అన్నం పెట్టిన నేల నుడి. అయితే అమ్మనుడిని కాపాడుకొనే పూచీ మాత్రం మనదే.

కళాశాలకు నేలనిచ్చినవారు పల్లెవారే. అక్షరానికి మనం ఒక అరుగైనా ఇవ్వలేమా? ఊరికొక ఇంటి అరుగుపై సాయంకాలపు తెలుగు బడిని ప్రారంభించండి. తొలి పలక మీ ఇంటినుండే రావాలి.