మునిగిన ఓడకూ ఒక మర్యాద ఉంది

(అమీర్‌పేటలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



డీఏ బకాయిల చర్చ ముగిశాక మునిగిపోయిన ఓడల గురించి మాట్లాడతానంటే కొందరు మిత్రులు నవ్వారు. సముద్రమే లేని హైదరాబాదులో ఈ గొడవ మనకెందుకన్నారు. మనకు సముద్రం లేకపోయినా మన మనవలకు సెలవులున్నాయి. విశాఖ రుషికొండకో, అండమాన్‌కో వెళ్లి, వీపున గాలి సిలిండరు కట్టుకొని నీటి అడుగుకు దిగడం వారికి సరదా. అక్కడ పాత ఓడ కనబడితే ముచ్చటపడి ఓ గిన్నో, ఓ ఇనుప గుండో తెచ్చి తాతయ్య చేతిలో పెట్టాలనిపిస్తుంది. అది పుచ్చుకోవచ్చా అన్నదే నేటి నా ప్రశ్న.

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తదేమీ కాదు. చీరాల దగ్గరి మోటుపల్లి ఒకనాడు పెద్ద రేవు. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయశాసనం వేయించి ఆ పద్ధతి మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు మాట ఇచ్చాడు. ఆపదలో పడినవాడి సొత్తు దొరికినవాడి పాలు కాదన్నది అందులోని ధర్మం.

నేటి చట్టం కూడా ఆ దారినే ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయడం, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. అమెరికా తిరిగి వెళ్లే మనవడి సూట్‌కేసులో అది ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

చట్టం మాట అటుంచి, వస్తువు సంగతి చూద్దాం. వందల ఏళ్లు ఉప్పునీటిలో నానిన ఇనుము గాలి తగిలితే పెచ్చులూడిపోతుంది, కర్ర ఎండి బీటలు వారుతుంది. ఇంగ్లండులో 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడ కర్రను కాపాడడానికి 2013 వరకూ దానిపై నీళ్లూ, మందు కలిపిన ద్రవమూ చల్లుతూనే ఉన్నారు. మన షోకేసులో ఆ వైభోగం ఎక్కడిది?

అలాగని చూడడమే తప్పని నేననను. ఇంగ్లండు 1973లోనే చారిత్రక ఓడల రక్షణకు చట్టం చేసింది. 1691లో ప్లిమత్ సమీపాన మునిగిన కొరొనేషన్ యుద్ధనౌకను నేడు సరదా డైవర్లు అనుమతితో చూసి వస్తున్నారు. చూడవచ్చు, ముట్టుకోరాదు. మ్యూజియంలో మనం పాటించే నియమమే అది.

ఇక మన విశాఖ. 1971 డిసెంబర్ 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అక్కడి సముద్రంలో మునిగింది. లోపలి నావికులెవరూ బతకలేదు. మన నౌకాదళం ఆ శిథిలాన్ని గుర్తించినట్లు 2024లో వెల్లడైంది. మరణించినవారి పట్ల గౌరవంతో దాన్ని తాకలేదని కూడా చెప్పారు. 1944లో అమెరికాలో జలప్రవేశం చేసిన ఆ నౌకకు ఇంకా నూరేళ్లు నిండలేదు. అయినా మర్యాదకు నూరేళ్ల లెక్క అక్కరలేదు. శత్రువుదైనా సమాధి సమాధే.

ఇక్కడికి దగ్గరలోనే, పంజాగుట్ట దాటగానే ఎర్రమంజిల్ ఉంది. మనలో కొందరు ఆ ఆవరణలోని ఆఫీసుల్లో సర్వీసు చేసినవారే. శాసనసభ భవనం కోసం దాన్ని పడగొట్టాలని 2019 జూన్‌లో ప్రభుత్వం నిర్ణయిస్తే, పౌరులు కోర్టుకెళ్లారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. రోడ్డు మీద కనబడే భవనం కాబట్టి అడిగేవారున్నారు. నీటి అడుగున ఉన్న ఓడ తరఫున ఎవరు అడుగుతారు? అక్కడికి దిగినవాడి మనస్సాక్షే దానికి కాపలా.

కనుక పిల్లలు బయలుదేరేటప్పుడు "జాగ్రత్తగా వెళ్లిరా" అనడంతో ఆగక, "ఫొటో తీసుకురా నాన్నా, వస్తువు తేకు" అని కూడా చెప్పండి. తెలిసో తెలియకో తెచ్చినా మురిసిపోయి షోకేసులో పెట్టకండి, పురావస్తు శాఖకు తెలియజేయండి. పెన్షను తప్ప పెద్ద ఆస్తులు ఇవ్వలేని మనం, పరుల సొత్తు ముట్టని బుద్ధినైనా పిల్లలకు ఇచ్చి వెళదాం.