ఫోటోలో లేదన్నారు, నొప్పి మాత్రం ఉంది

(మహిళా సంఘం సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగం)

అక్కలారా, చెల్లెళ్లారా, పెద్దమ్మలారా!

పొద్దున్నించీ పని చేసి వచ్చి కూర్చున్నారు. ఎక్కువసేపు మాట్లాడను. ఒక్క సంగతి చెబుతాను.

పిల్లలు పడతారు. చెట్టెక్కి పడతారు. మంచం మీంచి దూకి పడతారు. సైకిల్ మీంచి పడతారు. ఆసుపత్రికి తీసుకుపోతాం. డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయిస్తారు. "ఎముక విరగలేదు, బెణికింది అంతే" అంటారు. హమ్మయ్య అనుకుని ఇంటికొస్తాం. నాలుగు రోజులైనా పిల్లవాడు చెయ్యి కదపడు. అప్పుడేం చేయాలి?

నేను ఎముకల వార్డులో పనిచేస్తాను. అక్కడికి వచ్చిన ఒక బాబు సంగతి చెబుతాను. పేరు ఎందుకులెండి. ఆరేళ్లవాడు. జామచెట్టు మీంచి పడ్డాడు. చెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. మోచేయి వాచింది. ఆ రాత్రే టౌనుకు తీసుకుపోయారు. ఒక పక్క నుంచే ఫోటో తీశారు. ఏమీ లేదన్నారు. మాత్రలిచ్చి పంపారు.

తల్లికి మాత్రం మనసొప్పలేదు. వాడు కుడిచేత్తో తినే పిల్లవాడు. ఇప్పుడు ఎడమచేత్తో తింటున్నాడు. చొక్కా తొడగబోతే ఏడుస్తున్నాడు. రాత్రి అటు తిరిగితే లేచి ఏడుస్తున్నాడు. ఆమె ఇంట్లో చెప్పింది. "డాక్టరే ఏమీ లేదన్నాక నీదేంటి గోల? ఆయన కంటే నీకెక్కువ తెలుసా?" అన్నారు. ఆమె నోరు మూసుకుంది. నూనె పెట్టి తోమించారు. రెండు నెలలు గడిచాయి.

అప్పుడు మా దగ్గరికి వచ్చారు. మోచేయి బయటివైపు ఎముక ముక్క విరిగి, పక్కకు జరిగి, అతుక్కోకుండా ఉండిపోయింది. మొదటి వారంలోనే వస్తే ముక్కను సరిగ్గా కూర్చి, సన్నటి తీగలు పెట్టి, కట్టు కట్టేవాళ్లు. రెండు నెలల తరువాత ఆ పని కష్టం. చెయ్యి పూర్తిగా మామూలుగా అవుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అలాగే వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ మోచేయి వంకర పోతుంది. పెద్దయ్యాక చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరెక్కి పట్టు తప్పవచ్చు. కూలి చేసుకునే ఇంట్లో కుడిచేతి పట్టు అంటే ఏంటో మీకు నేను చెప్పాలా?

మరి ఫోటోలో ఎందుకు కనిపించలేదు? ఫోటో అబద్ధం చెబుతుందా అని మీరు అడగొచ్చు.

ఈ ఎక్స్‌రేని 1895లో జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆ కిరణం కండలోంచి దూరిపోతుంది. గట్టి ఎముక దగ్గర చాలావరకు ఆగుతుంది. అందుకే ఎముక తెల్లగా కనిపిస్తుంది. పెద్దవాళ్ల ఎముక ముదిరిన టెంకాయ చిప్పలాంటిది. పిల్లల ఎముకల కొసలు లేత కొబ్బరిలాంటివి. ఆ కొసల దగ్గరే ఎముక ఎదుగుతుంది. అవి మెత్తన కాబట్టి ఫోటోలో సరిగ్గా పడవు. అక్కడ విరిగితే సన్నటి చీలిక మాత్రమే కనిపిస్తుంది. ఒక్కోసారి అదీ కనిపించదు.

ఇంకోటి. పచ్చి వేపపుల్ల వంచి చూడండి. ఫట్‌మని రెండు ముక్కలు కాదు. ఒక పక్క చీలి, ఒక పక్క వంగి ఉంటుంది. పిల్లల ఎముకా అంతే. చెయ్యి తిన్నగానే ఉంటుంది. వేళ్లు కూడా కదులుతాయి. "వేళ్లు కదులుతున్నాయిగా, విరగలేదులే" అని చాలామంది అంటారు. అది నమ్మొద్దు. విరిగిన చేతికి కూడా వేళ్లు కదులుతాయి.

నడక నేర్చిన పసివాళ్లలో ఇంకో రకం ఉంది. ఏడాది నుంచి మూడేళ్ల లోపు వాళ్లు. కాలు మెలితిరిగి పడతారు. మోకాలి కింది ఎముకలో వెంట్రుకంత చీలిక వస్తుంది. వాపు పెద్దగా ఉండదు. పిల్ల నిలబడనంటుంది. మొదటి రోజు ఫోటోలో ఏమీ కనపడకపోవచ్చు. పది, పధ్నాలుగు రోజులకు కొత్త ఎముక పోసుకుంటుంది. అప్పుడు తీస్తే కనపడుతుంది. ఇది భయపడాల్సింది కాదు, కట్టు కడితే బాగానే అతుక్కుంటుంది. కానీ జ్వరం కూడా ఉండి పిల్ల కాలు మోపకపోతే అది వేరే సంగతి. ఎముకలోనో కీలులోనో చీము పట్టి ఉండొచ్చు. ఆ రోజే పరుగెత్తాలి.

కాబట్టి మీరు చూడాల్సింది పిల్లవాణ్ని. ఆ చేత్తో బొమ్మ పట్టుకుంటున్నాడా? ఆ కాలి మీద బరువు వేస్తున్నాడా? ఒక్క వేలితో మెల్లగా నొక్కితే ఒకే చోట ఏడుస్తున్నాడా? రెండు మూడు రోజులకు తగ్గుతోందా, అలాగే ఉందా? తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. వారం పది రోజులు దాటనివ్వొద్దు. పిల్లల ఎముక త్వరగా అతుక్కుంటుంది. అది మంచిదే. కానీ వంకరగా ఉంటే వంకరగానే అతుక్కోవడం మొదలెడుతుంది. ఈలోగా తోమడం, లాగడం వద్దు. అట్టముక్కో, మడత పెట్టిన పేపరో ఆసరా పెట్టి, తువ్వాలుతో మెడకు వేలాడదీయండి.

వెళ్లాక ఏం మాట్లాడాలి? చాలామంది అక్కడే తడబడతాం. ఇలా చెప్పొచ్చు: "అయ్యా, పడి ఐదు రోజులైంది. ఇదిగో, ఇక్కడ ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. ఈ చేత్తో అన్నం తినడం లేదు. రెండు పక్కల నుంచీ ఫోటో తీశారా? పైకీలు, కిందికీలు రెండూ అందులో పడ్డాయా?" ఇది పోట్లాట కాదు. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. ఒకటి విరిగిందని కట్టు కడతారు. రెండోది మోచేయి దగ్గర కీలు తప్పి ఉంటుంది. మోచేయి ఫోటోలో పడకపోతే అది ఎవరికీ తెలియదు. అనుమానం ఉంటే బాగున్న చేతికి కూడా తీసి పక్కన పెట్టి చూస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చాలాచోట్ల ఎక్స్‌రే యంత్రం ఉండదు. ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో వెళ్లి, ఎముకల డాక్టరుకు చూపించమని అడగండి.

ఎలా పడ్డాడో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొట్టడం వల్ల అయినా సరే దాచొద్దు. కథ మారితే వైద్యం మారిపోతుంది.

ఇప్పుడు మీకు చదువొచ్చింది. ఆ చీటీ చదవండి. పేరు మీ పిల్లదేనా? తేదీ సరిపోయిందా? ఫిల్ము మీద ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే కుడి, ఎల్ ఉంటే ఎడమ. ఇంట్లో నోటుబుక్కులో రాసుకోండి: ఏ రోజు పడ్డాడు, ఎక్కడ చూపించాం, ఏమన్నారు. కాగితాలు పారెయ్యొద్దు. ఇన్‌పేషెంటుగా ఉంచుకున్నట్లయితే రికార్డు కాపీ అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లో ఉంది.

కనిపెట్టలేకపోయిన ప్రతి డాక్టరూ తప్పు చేసినట్టు కాదు. నిజంగా కనపడని చీలికలు ఉంటాయి. కానీ తల్లి మళ్లీ వచ్చి చెప్పినా చెయ్యి కూడా పట్టి చూడకుండా పంపేస్తే అది వేరు. డబ్బు కట్టించుకున్న ఆసుపత్రి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. వైద్యం కూడా ఆ చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండేళ్ల లోపు వేయాలి. అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రికి ఇది వర్తించదు. అక్కడైతే సూపరింటెండెంటుకు అర్జీ రాయండి. ఏదైనా సరే, ముందు పిల్లవాడి చెయ్యి, తరువాత అర్జీ.

చివరగా కట్టు గురించి. పుత్తూరు కట్టని, ఇంకో కట్టని మన దగ్గర నమ్మకం ఎక్కువ. నమ్మకాల మీద నాకు తగువు లేదు. కానీ ఫోటో లేకుండా పసివాళ్ల కీలు దగ్గర బిగించి కట్టడం ప్రమాదం. సిమెంటు కట్టయినా, ఆకుల కట్టయినా వేళ్లు బయటికి కనపడాలి. వేళ్లు నల్లబడినా, పాలిపోయినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే తట్టుకోలేని నొప్పి వచ్చినా తెల్లారే దాకా ఆగొద్దు. రాత్రయినా 108కి ఫోన్ చేసి వెళ్లి కట్టు విప్పించండి. గంటల్లోనే లోపల కండ చచ్చిపోతుంది.

ఇక మీరు అడగండి. ముందు ఆ వెనక వరసలో కట్టుతో కూర్చున్న పాపను ఇలా తీసుకురామ్మా, వేళ్లు చూద్దాం.