పెంకులో మిగిలిన చూపు



సాధారణంగా ఆవగింజంత ఉండే చిన్న జీవి ఆస్ట్రకాడ్. రొయ్యలకూ పీతలకూ చుట్టం. శనగగింజకు రెండు బద్దలున్నట్టు, దీని ఒంటిని రెండు సున్నపు పెంకులు కప్పి ఉంచుతాయి. 45 కోట్ల ఏళ్లనాటి రాళ్లలోనూ ఈ పెంకులు దొరుకుతాయి.

మరి పెంకు చాటున ఉన్న కంటికి వెలుతురు ఎలా అందుతుంది? కొన్ని సముద్రజాతుల పెంకును మైక్రోస్కోపు కింద చూడండి. పెంకంతా గుంటలు, గీతలు. ముందువైపు, పైఅంచు దగ్గర మాత్రం గాజుపూసలాంటి నున్నటి బుడిపె. అక్కడ పెంకే పారదర్శకమై కటకంలా పనిచేస్తుంది. లోపలివైపు కన్ను ఒదిగే చిన్న గుంట ఉంటుంది. మెత్తని కన్ను ఏనాడో కుళ్లిపోయినా, దాని కిటికీ రాయిలో భద్రంగా ఉంది.

వెయ్యి మీటర్ల లోతుకు సూర్యకాంతి చేరదు. అక్కడ సముద్రపు అడుగున బతికే ఆస్ట్రకాడ్‌లలో చాలావాటికి కళ్లుండవు, బుడిపెలూ ఉండవు. అందుకే రాతిలో బుడిపెలున్న పెంకులు ఎక్కువగా కనిపిస్తే, ఒకప్పుడు అక్కడ ఎండపొడ తగిలే సముద్రం ఉండేదని శాస్త్రవేత్తలు ఊహిస్తారు. అయితే ప్రవాహాలు పెంకులను లోతుకు మోసుకుపోగలవు. పైగా మంచినీటి జాతుల్లో చాలావాటికి కళ్లున్నా బుడిపె ఉండదు. పల్చని పెంకులోంచే వెలుతురు దూరుతుంది. కాబట్టి మిగతా ఆధారాలనూ కలిపి చూస్తారు.

ఇసుకరేణువంత పెంకు ఒక ప్రాచీన సముద్రపు వెలుగును మనకు చూపిస్తోంది. ఎంత అద్భుతం!