మన ఊరి చరిత్రకు ఆధారం చూపుదాం

(తెలుగు వికీపీడియాలో స్థానిక చరిత్ర రచనపై గుంటూరులో జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పిల్లవాడు తన ఊరి చరిత్ర తెలుసుకోవాలనుకుంటే ఈ రోజు మొదట తెరిచేది గ్రంథాలయం తలుపు కాదు, చేతిలోని ఫోను. ఆ ఫోనులో మొదట కనిపించే నాలుగు వాక్యాలు తరచుగా తెలుగు వికీపీడియావి. 2003 డిసెంబరులో ఆరంభమైన ఈ విజ్ఞాన సర్వస్వాన్ని రాసేది జీతం తీసుకునే పండితులు కారు, మనవంటి స్వచ్ఛంద రచయితలే. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల రెవెన్యూ గ్రామాలకు అందులో పేజీలున్నాయి. జనాభా, విస్తీర్ణం, బడులు, సాగునీరు వంటి వివరాలు 2011 జనగణన నుంచి తీసుకుని చేర్చారు. కాని ఊరి చరిత్ర అనే చోటికి వచ్చేసరికి చాలా పేజీలలో ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండవు. మసీదు, దర్గా, పీర్లచావిడి, ఈద్గా ప్రస్తావన కోసం వెదికి నిరాశ చెందినవారు ఈ సభలోనే ఉన్నారు.

ఎవరో పనిగట్టుకుని మనలను వదిలివేశారని అనుకోవడం తేలిక. ఎక్కడైనా అటువంటిది జరిగితే దానిని ప్రశ్నించే మార్గం కూడా అక్కడే ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను. ముందుగా గ్రహించవలసింది మరొకటి. వికీపీడియా చరిత్రను తయారుచేయదు. ఇంతకుముందే అచ్చయిన, నమ్మదగిన రచనలలో ఉన్నదానిని సంగ్రహించి చెబుతుంది. అచ్చులో లేనిది అందులోకి రాదు. మన దాదీ, నానీల జ్ఞాపకాలలో మిగిలి కాగితం ఎక్కని చరిత్ర ఆ పేజీలలో కనిపించకపోవడానికి మొదటి కారణం ఇదే.

అక్కడి ప్రధాన నియమాలు మూడు. రాసిన ప్రతి ముఖ్య విషయానికీ మూలం చూపాలి. భిన్నాభిప్రాయాలున్నచోట ఒక పక్షం వహించకుండా వాటిని వాటి వాటి ప్రాముఖ్యాన్ని బట్టి చెప్పాలి. సొంత పరిశోధనను, సొంత నిర్ణయాన్ని అక్కడ తొలిసారిగా ప్రకటించరాదు. ఈ నియమాలు మనకు కొత్తవి కావు. ఒక హదీసును స్వీకరించే ముందు అది ఎవరి నుంచి ఎవరికి చేరింది, ఆ గొలుసులో ప్రతి వ్యక్తీ విశ్వసనీయుడేనా అని పరీక్షించిన ముహద్దిసీన్ల వారసులం మనం. వార్త తెచ్చినవాని మాటను నిర్ధారించుకోమని సూరహ్ హుజురాత్ మనకు బోధిస్తున్నది. ఇస్నాద్ లేని మాటను ధర్మ విషయంలో అంగీకరించని సముదాయం ఊరి చరిత్ర విషయంలో ఆధారం అడిగితే చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు.

ఈ నియమాలు ఎలా పనిచేస్తాయో మన నగరం నడిబొడ్డునే చూద్దాం. మహాత్మాగాంధీ రోడ్డు మీద ఆరు స్తంభాలపై గుమ్మటంతో నిలిచిన జిన్నా టవర్ 1940లలో వెలిసిన కట్టడం. 2021 డిసెంబరు చివర దాని పేరు మార్చాలన్న డిమాండు లేచింది. 2022 ఫిబ్రవరిలో దానికి త్రివర్ణ పతాకం రంగులు వేశారు. ఆ రోజులలో వాదించినవారు ఎక్కువ, ఆధారాలు వెదికినవారు తక్కువ. టవర్ నిర్మాణం గురించి రెండు కథనాలు ప్రచారంలో ఉన్నాయి. జిన్నా ప్రతినిధి గుంటూరు వచ్చినప్పుడు గౌరవసూచకంగా లాల్‌జాన్ బాషా దీనిని కట్టించారన్నది ఒకటి. పురపాలక సంఘ అధ్యక్షులుగా పనిచేసిన నడింపల్లి నరసింహారావు, తెల్లాకుల జాలయ్యల కాలంలో మతసామరస్యానికి చిహ్నంగా కట్టించారన్నది రెండవది. ఇప్పుడు వ్యాసం రాసేవారి కర్తవ్యమేమిటి? తమకు నచ్చిన కథను ఉంచి మరొకదానిని తీసివేయడం కాదు. రెండింటినీ, ఏది ఎవరి కథనమో, ఎక్కడ అచ్చయిందో చెబుతూ ఉంచడం. మన మనసుకు దగ్గరైన కథకూ దూరమైన కథకూ ఒకే కొలత వాడాలి. ఆ పని మనం చేయకపోతే, రేపు మరొకరు ఆధారం లేని మూడవ కథను చేర్చినప్పుడు కాదనే నైతిక హక్కు మనకు ఉండదు.

వివాదం లేని ఉదాహరణ ఒకటి. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ 1920లో ఈ జిల్లాలోని పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో జన్మించారు. ప్రజానాట్యమండలి వేదికలపై పల్నాటి యుద్ధం వంటి కథలను ఊరూరా వినిపించారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. 1997లో మరణించారు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. పింజారి అంటే దూది ఏకేవాడు. ఈ పత్తి నేలలో వింటితాడు మోతతో దూదిని మేఘంలా విడదీసిన వృత్తి అది. ఒకప్పుడు చిన్నచూపుతో పలికిన మాటను ఆయన తన పుస్తకానికి శీర్షికగా నిలిపారు. ఆ పుస్తకం ఉన్నందువల్లనే నాజర్ గురించి, నూర్‌బాషీయుల బ్రతుకు గురించి ఆధారంతో రాయడం సాధ్యమవుతున్నది. అయితే ఆత్మకథను వాడడానికీ హద్దు ఉంది. ఎక్కడ పుట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ కష్టాలు పడ్డారు అన్నంతవరకు ఆత్మకథ మూలంగా పనికివస్తుంది. ఆయన కళ ఎంత గొప్పది అన్న తీర్పుకు మాత్రం విమర్శకుల రచనలను, ఆనాటి పత్రికలను చూపాలి. మన వంశపెద్దల గురించి రాసేటప్పుడు ఈ తేడా మరింత గుర్తుంచుకోవాలి. నిజానికి సొంత తాతగారి వ్యాసాన్ని మనమే రాయకుండా, ఆధారాలను చర్చాపేజీలో ఉంచి మరొకరిని రాయమని కోరడం ఉత్తమం.

మూడవ ఉదాహరణ మనందరికీ తెలిసినది. గుంటూరు, నెల్లూరు ప్రాంతాలలో మస్తాన్‌రావు, మస్తానయ్య, మస్తానమ్మ అనే పేర్లు హిందూ కుటుంబాలలోనూ వినిపిస్తాయి. దర్గాలలో మొక్కుకున్న కుటుంబాలు బిడ్డలకు ఆ పేర్లు పెట్టుకున్నాయని పెద్దలు చెబుతారు. కలిసి బ్రతికిన చరిత్రకు ఇంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది! కాని ఈ మాటను మన అనుభవం నుంచి నేరుగా వ్యాసంలో రాస్తే, మూలం లేదని తొలగిస్తారు. ఆ తొలగింపు అన్యాయం కాదు. మనం చేయవలసింది, ముందుగా దానిని అచ్చులోకి తేవడం. పది కుటుంబాలను కలవండి. ఎవరు, ఎప్పుడు, ఏ దర్గాలో మొక్కుకున్నారో, వారి అనుమతితో నమోదు చేయండి. సంపాదకులు పరిశీలించి ప్రచురించే పత్రికకు పంపండి. గుంటూరు జిల్లా ఉండవల్లికి చెందిన చరిత్రకారులు సయ్యద్ నశీర్ అహమ్మద్ చూపిన బాట ఇదే. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రను ఏళ్ల తరబడి సేకరించి గ్రంథాలుగా వెలువరించారు. వాటిలో కొన్ని నేడు తెలుగు వికీసోర్స్‌లో అందరికీ ఉచితంగా లభిస్తున్నాయి.

ఇక పాత ఆధారాలు ఎక్కడ వెదకాలి? ముందు పాలనా సరిహద్దుల మార్పులు తెలియాలి. గోల్కొండ కాలంలో ఈ సీమ ముర్తజానగర్ సర్కారు. 1788లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణా జిల్లాలో కలిపారు. 1904లో మళ్లీ వేరుచేశారు. కనుక 1880ల గుంటూరు వివరాలు గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఉంటాయి. ఒంగోలు వివరాలకు నెల్లూరు జిల్లా మాన్యువల్ చూడాలి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. గ్రామాల పుట్టుపూర్వోత్తరాలకు కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులున్నాయి. మసీదు గోడలపై ఉన్న పారశీక, అరబీ శాసనాల పాఠాలకు ఎపిగ్రాఫియా ఇండికా అరబిక్, పర్షియన్ అనుబంధ సంపుటాలున్నాయి. ఖాజీలకు, దర్గాలకు ఇచ్చిన భూముల వివరాలు 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రికార్డులలో, వక్ఫ్ గెజిట్లలో దొరుకుతాయి. పాత పత్రికల కోసం వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనానికి వెళ్లండి.

కాలగణనలో తొందరపడకండి. హిజ్రీ 1200 అంటే 1785 నవంబరు నుంచి 1786 అక్టోబరు వరకు. ఫసలీకి 590 కలపాలి, ఫసలీ 1300 అంటే 1890–91. ఆంగ్లేయ అధికారుల గ్రంథాలలో తేదీలు, లెక్కలు ఉపయోగపడతాయి. కాని కులాల గుణగణాల గురించి వారు చేసిన తీర్పులను సత్యాలుగా ఎత్తిరాయరాదు. అవసరమైతే ‘1909లో థర్‌స్టన్ ఇలా రాశారు’ అని వారి పేరుతోనే చెప్పాలి.

రాయడం మొదలుపెట్టేవారికి నాలుగు మాటలు. ముందు మీ ప్రయోగశాల పేజీలో సాధన చేయండి. పుస్తకంలోని వాక్యాలను యథాతథంగా దించకండి, చదివి మీ మాటల్లో రాయండి. పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, పుట సంఖ్య తప్పక ఇవ్వండి. మీరు తీసిన ఛాయాచిత్రాలను వికీమీడియా కామన్స్‌కు ఎక్కించండి. పవిత్ర స్థలాల్లో నిర్వాహకుల అనుమతి తీసుకోండి. మీరు రాసినది ఎవరైనా తొలగిస్తే మళ్లీ మళ్లీ చేర్చి పోట్లాటకు దిగవద్దు. ప్రతి మార్పూ ఆ పేజీ చరిత్రలో భద్రంగా ఉంటుంది. చర్చాపేజీలో ఆధారం చూపి కారణం అడగండి. అక్కడ తేలకపోతే రచ్చబండలో ప్రస్తావించండి. పక్షపాతాన్ని ప్రశ్నించే మార్గం ఉందని నేనన్నది దీని గురించే. అక్కడ గెలిచేది పుట సంఖ్య చూపినవాడే.

దీని వల్ల ప్రయోజనమేమిటని అడిగేవారికి ఒక మాట. 2025 వక్ఫ్ సవరణ చట్టం, వాడుక ద్వారా వక్ఫ్ అనే భావనను ఇకమీదటి వక్ఫుల విషయంలో తొలగించింది. తరతరాలుగా నమాజు చేస్తున్నాం అనే మాట కన్నా కాగితానికి విలువ పెరిగిన కాలమిది. వికీపీడియా పేజీ న్యాయస్థానంలో సాక్ష్యం కాదు, అలా భ్రమపడవద్దు. కాని ఒక వ్యాసం కోసం గెజిట్ తేదీ, సర్వే నంబరు, శాసన పాఠం వెదికిపట్టిన యువకుడు ఆ ఊరి మసీదు కమిటీకి కూడా ఆ పత్రాల జాడ చెప్పగలడు.

ఇక్కడి నుంచి వెళ్లేముందు ప్రతి ఒక్కరూ ఒక ఊరిని ఎంచుకోండి. ఆ ఊరి పేజీలో వచ్చే నెలలోగా మూడు వాక్యాలు చేర్చండి, మూడింటికీ మూలం ఉండాలి. ఒకటి మన ప్రార్థనాస్థలం గురించి అయితే మరొకటి ఆ ఊరి గుడి గురించో, చర్చి గురించో, బడి గురించో కావాలి. ఊరంటే అందరిదీ. దూది ఏకిన చివరి తరం ముదుసలివారు, మిర్చి తొడిమలు తీస్తూ బిడ్డలను చదివించిన తల్లులు మన మధ్య ఇంకా ఉన్నారు. వారి మాటలను అనుమతితో నమోదు చేసి తెస్తే, వాటిని అచ్చుకు సిద్ధం చేయడంలో ఈ తరగతి నిర్వాహకులు తోడుంటారు. మధ్యాహ్నం నమాజు తరువాత జిన్నా టవర్ వ్యాసాన్నే ముందు పెట్టుకుని, ఏ వాక్యానికి మూలం ఉంది, దేనికి లేదు అని అందరం కలిసి పరిశీలిద్దాం.