పెరటిలో జమ్ము

పెరటి తోటలో జమ్మును పెంచుటను గూర్చి మాటలాడబూనినచో కృష్ణా గోదావరీ డెల్టాలలోని రైతులు నవ్వుకొందురని మేమెరుగుదుము. కాలువలో జమ్ము కోయించుటకు కూలి పెట్టువారికి, చెరువు సగము జమ్ముపాలై నీరు నిలుచుటకు చోటులేకపోయిన ఊరివారికి, దీనిని కోరి నాటుకొనుడని చెప్పుట వింతగానే యుండును. వారి నవ్వు న్యాయమైనదే. అయినను, ఈ మొక్కను పెంచుటకును అణచుటకును తెలిసికొనవలసిన రహస్య మొక్కటే గనుక, రెండింటిని గూర్చియు కలిపి చెప్పదలచినాము.

ముందుగా మొక్కను గుర్తింతము. నీటి యొడ్డున పెరుగు పొడవాకు మొక్కలన్నింటిని మనవారు ఒక్కొక్కప్పుడు తుంగ యనియో రెల్లనియో కలగాపులగముగ పిలుచుచుందురు. తుంగకాడ సాధారణముగ మూడు పలకలుగ నుండును. రెల్లు తెల్లని కుచ్చు వేసి ఇసుక తిన్నెలపై కూడ పెరుగును. కిక్కిసకు వెదురువలె కణుపులు గలవు. జమ్మునకట్టి కణుపులు పైకి కానరావు. ఆకులు కత్తులవలె మొదటి నుండియే లేచి నిలువెత్తు దాటును. పూచినప్పుడు నడిమి కాడపై గోధుమరంగు కండె నిలుచును. దానిపైన కొంత ఖాళీ విడిచి సన్నని మగపూల కండె మరియొకటి యుండును. అది పుప్పొడి రాల్చి ఎండిపోగా, క్రింది కండె గింజ కట్టును. భారతమున యాదవులు ఒకరినొకరు మోదుకొని నశించినది ఏరక యను గడ్డితో. మన పురాణశ్రవణములలో దానిని తుంగ యందురు గాని, వృక్షశాస్త్ర గ్రంథములలో ఏరక యను సంస్కృత నామము జమ్మునకు కానవచ్చును.

జమ్మాకును అడ్డముగ కోసి చూడుడు. లోపల తేనెపట్టువలె గదులు గదులుగ నుండును. అవి గాలి గదులు. బురదలో గాలి లేదు, గాలి లేనిచోట వేరు బ్రతుకదు. కావున ఈ మొక్క పైనుండి గాలిని ఆకుల గుండ దించి, భూమిలో అడ్డముగ ప్రాకు దుంపకును వేళ్ళకును అందించును. అందులో కొంత వేళ్ళ కొనలనుండి బురదలోనికి ఊరును. గాలి నాశ్రయించి బ్రతుకు సూక్ష్మజీవులు ఆ వేళ్ళ చుట్టును చేరి, నీటిలోని మాలిన్యమును విరిచి తినును. మురికిని మొక్కయే త్రాగివేయునని పలువురనుకొందురు. మొక్క తీసికొనునది కొంతయే. ఎక్కువ పని దాని యింట అద్దెకున్నవారిది.

1950 తరువాతి తొలి యేండ్లలో జర్మనీలోని ప్లోన్ పట్టణమున, మాక్స్ ప్లాంక్ సంస్థలో కేటె జైడెల్ అను శాస్త్రజ్ఞురాలు నీటితుంగలతో మురుగునీటిని శుభ్రపరచు ప్రయోగములు మొదలిడినది. మన హైదరాబాదు చెంత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు జమ్మును, మెట్టతామరను నాటిన మళ్ళ గుండ గ్రామపు మురుగును పారించి, ఆ నీటిని పైరులకు పెట్టు పద్ధతిని పరిశీలించిరి. 2018లో నెక్నాంపూరు చెరువులో తేలు తెప్పలపై వట్టివేరుతో పాటు జమ్మును కూడ నాటి విడిచిరి. పెద్ద చెరువునకు పనికివచ్చినది పెరటికి పనికిరాకపోదు. పల్లెలో వంటింటి నీరు, స్నానపు నీరు వీధిలోనికి పారుటవలన దోమలును తగవులును పుట్టుట అందరెరిగినదే.

కేవలము అందమునకు పెంచువారికి అడుగున రంధ్రము లేని సిమెంటు తొట్టి చాలును. రెండడుగుల వెడల్పు, అంతే లోతు కావలెను. చెరువు మట్టి అడుగెత్తు పోసి, పైన రెండంగుళముల ఇసుక పరచినచో నీరు పోయునప్పుడు బురద లేవదు. తొలకరి రోజులలో, మొలక గల దుంప ముక్కను జానెడు పొడవున కోసి తెచ్చి, మొలక పైకుండునట్లు అడ్డముగ నాటవలెను. పాత ఆకును కత్తిరింపవచ్చును గాని, కత్తిరించిన కొన నీటికి పైన నుండితీరవలెను. దీని కారణము ముందు చెప్పెదము. మొదట మూడంగుళముల నీరు, మొక్క నిలదొక్కుకొనిన పిమ్మట ఆరంగుళములు. ఎండ బాగుగ తగులవలెను. నీడలో ఆకు పెరిగి వాలిపోవును, కండె వేయదు. నీటిలో నాలుగు గప్పీ చేపలను విడిచినచో దోమపిల్లలను అవి చూచుకొనును.

దుంపను తెచ్చు చోటు విషయములో మాత్రము జాగ్రత్త వలయును. కర్మాగారముల నీరు పారు కాలువలోనిది తేరాదు. జమ్ము తన వేళ్ళలో సీసము మొదలగు లోహములను నిలువ చేసికొనును.

వాడిన నీటిని శుభ్రపరుపదలచిన వారు తొట్టికి బదులు గులకరాళ్ళ మడి కట్టుకొనవలెను. వెడల్పునకు మూడింతలు పొడవు, రెండడుగుల లోతు. ఇంటిలో మనిషికొక చదరపు మీటరునకు తగ్గరాదు. అడుగును ప్రక్కలను సిమెంటుతో పూయుట మేలు. పలుచని ప్లాస్టిక్ పట్టాను జమ్ముదుంప వాడికొన చీల్చివేయును. నీరు ముందుగ చిన్న కుండీలో నిలిచి, మెతుకులును నూనెయును అచ్చట విడిచి, పిదప రాళ్ళ నడుమ ఒక కొననుండి రెండవ కొనకు మెల్లగ పోవలెను. నీటి మట్టము రాళ్ళపై పొరకు రెండంగుళములు అడుగున నుండవలెను. పైకి కనబడని నీటిలో దోమ గ్రుడ్లు పెట్టలేదు. వెలుపలికి వచ్చు నీరు తేటగ నున్నను త్రాగరాదు, పచ్చికూరలపై చల్లరాదు. అరటికిని కొబ్బరికిని పెట్టవచ్చును. మరుగుదొడ్డి నీటిని ఈ మడిలోనికి రానీయరాదు. బావికి దగ్గరగ మడి కట్టరాదు.

ఇక అణచుటను గూర్చి. తొట్టిలో జమ్ము రెండేండ్లలో క్రిక్కిరియును. అప్పుడు దుంపలు తీసి సగము మరల నాటి, మిగిలినవి గచ్చుపై ఎండలో పూర్తిగ ఎండునంతవరకు ఉంచి, పిదప ఎరువుగుంతలో వేయవలెను. పచ్చి దుంపను మురుగుకాలువలో విసరిన పెరటివాడు ఆ యూరి చెరువునకు చేసిన కీడు ఇంతంత కాదు. వేలెడు ముక్కకు ఒక మొలక యున్నచో అది తడిమట్టిలో తల్లియగును.

కాలువ కట్టివేసిన రోజులలో ఎండిన నేలపై జమ్మును కోసి తగులబెట్టుట పలుచోట్ల చూచుచున్నాము. అది జమ్మునకు క్షౌరము చేయుటయే! దుంప అడుగున చల్లగ నున్నది. మోడుల గుండ దానికి గాలి అందుచునే యున్నది. నీరు విడువగానే ముందుకంటె ఒత్తుగ లేచును. నీరున్నప్పుడే, నీటి మట్టమునకు అడుగున, మోడుపై జానెడు నీరు నిలుచునట్లు కోయవలెను. ఎండిన ఆకు మోడు కూడ గాలిగొట్టమే గనుక దానిని సైతము విడువరాదు. గాలి దారి మూతపడి దుంప బురదలో ఊపిరాడక కుళ్ళును. పూత వేయు వేళ దుంపలో దాచుకొనిన పిండి మిక్కిలి తగ్గియుండును గనుక అప్పుడు కోయుట మరింత మేలు. మరల మొలిచినచో మరల అడుగుననే కోయవలెను. నీటిలో దిగి కోయుటకు కూలి ఎక్కువ యగుననుట నిజమే. కాని ఎండనేలపై ఏటేట పెట్టు కూలిని పది యేండ్లకు లెక్కకట్టి చూచినవారు పల్లెలలో తక్కువ.

తోటవారికి మిగిలినది కండె. ఒక్క కండెలో లక్షకు మించి గింజలుండును. ఒక్కొక్కదానికి దూదివంటి రోమములుండుటచే గాలిలో మైళ్ళు పోయి, తడి బురద దొరికినచోట మొలచును. కావున మగపూలు రాలిపోయి, క్రింది కండె రంగు ముదిరి, ఇంకను గట్టిగ నున్నప్పుడే కోయవలెను. వేలితో ఒత్తగ మెత్తబడినదా, ఆలస్యమైనట్లే. ఆ దూదిని దిండ్లలో కూరుకొనుట కలదు. దానిని విప్పునప్పుడు గింజలు లేచిపోవునను భయముచే మేము మాత్రము కండెలను కోసిన నాడే పొయ్యిలో వేయుచున్నాము.